నేలబండి, కుర్చీబండి

ఆ ఎండాకాలం మొదట్లో డాక్టరు నాకు మూడు ముక్కలు చెప్పాడు. ముందుకి వంగకూడదు, బరువు ఎత్తకూడదు, వీలైనంతసేపు పడుకోవాలి. మొదటి రెండూ ఎలాగో ఓర్చుకోగలననిపించింది. మూడోది వినగానే ఒళ్ళు మండింది. మా బాబాయ్ నన్ను చిన్నప్పటినుంచీ పాదరసం అనే పిలుస్తాడు. అసలు పేరుతో పిలిస్తే నేనే వెనక్కి తిరిగి చూడను. అలాంటిదాన్ని అప్పటికే రెండు నెలలు మంచానికి కట్టేశారు. గది పైకప్పులో ఏ పగులు ఎక్కడ మొదలై ఎటు పోతుందో నాకు కంఠతా వచ్చేసింది.

నేను పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. పొద్దున్నే సైకిలు మీద పదకొండు క్లినిక్కులు తిరిగి, అక్కడ తీసిన రక్తం గొట్టాలు ఐసు పెట్టెలో సర్దుకుని, రెండున్నర గంటల్లో ల్యాబుకి చేర్చాలి. ఆలస్యమైతే రక్తం పాడవుతుంది, రోగి చేతికి మళ్ళీ సూది తప్పదు. ఏడేళ్ళు అదే పని చేశాను. చలికాలం చివర్లో ఒక పొద్దున బస్సుల రోడ్డు మీద వెనకనుంచి ఒక వ్యాను వచ్చి కొట్టింది. వెన్నులో ఒక పూస చిట్లింది. పెట్టెలో గొట్టం ఒక్కటి కూడా పగల్లేదు. ఆ సంగతి ఆస్పత్రిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను, ఒక్కరూ మెచ్చుకోలేదు.

ల్యాబ్ మేడమ్ నన్ను చూడటానికి ఇంటికొచ్చింది. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, మెత్తగానే మొదలుపెట్టింది.

"నీకోసం టేబుల్ పని అట్టేపెట్టాను. గొట్టాలకి లేబుళ్ళు అంటించడం. హాయిగా కూర్చుని చేసుకోవచ్చు."

"కూర్చుంటే చచ్చిపోతాను మేడమ్."

"సైకిలు తొక్కకూడదన్నాడుగా డాక్టరు?"

"వంగి తొక్కేది వద్దన్నాడు. పడుకుని తొక్కేది వద్దనలేదు."

ఆ మాట నేను ఆలోచించి అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. మేడమ్ మా అమ్మ వంక చూసింది. అమ్మ పైకప్పు వంక చూసింది. గుమ్మంలో నిలబడ్డ మా నాన్న, బాబాయ్ మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళిద్దరూ కింద షాపులో ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళు తయారుచేస్తున్నారు. కొలత తీసుకుని, మనిషికి తగ్గట్టు, ఒక్కో బండీ విడిగా.

మేడమ్ లేచేముందు ఒక గడువు పెట్టింది. "వానలు మొదలైతే జ్వరాలు మొదలవుతాయి, అప్పుడు నాకు ఊపిరాడదు. ఈలోపు ఒకసారి పదకొండు క్లినిక్కులూ తిరిగి చూపించు. రెండున్నర గంటలు. ఒక్క నిమిషం దాటినా లేబుళ్ళే."

మోటారు బండి నేర్చుకోవచ్చుగా అని అమ్మ అడిగింది. మార్కెట్ సందులోకి మోటారు బండ్లు రానివ్వరు. నాలుగు క్లినిక్కులు అందులోనే ఉన్నాయి.

ఆ సాయంత్రమే కింద గొడవ మొదలైంది. నన్ను షాపులో బెంచీ మీద పడుకోబెట్టి, కాళ్ళు గోడకి ఆనించి, మడమ నుంచి నడుము దాకా నాన్న టేపు పట్టుకున్నాడు. బాబాయ్ కొలత రాసుకున్నాడు. అక్కడిదాకా ఇద్దరిదీ ఒకే మాట.

"నేలకి ఎంత దగ్గరగా పడుకుంటే అంత గాలి తప్పుతుంది," అన్నాడు నాన్న. "గాలి తప్పితే వేగం వస్తుంది. రెండున్నర గంటలేం ఖర్మ, రెండు గంటల్లోనే తిరిగొస్తుంది."

"గాలి తప్పుతుంది అన్నయ్యా, లారీ తప్పుతుందా? అంత కిందుంటే ఎవడి కంటికి ఆనుతుంది? కుర్చీ ఎత్తులో పెట్టు సీటు."

"కుర్చీయా! అదేమన్నా ముసలమ్మా? పరుగు పందేల్లో ఫస్టొచ్చిన పిల్ల."

"పందెం కాదు, పని."

నాన్నకి కోపం ముక్కు మీదే ఉంటుంది. టేపు చుట్టేసి బెంచీ మీద పడేశాడు. "అయితే ఎవడి బండి వాడు చేద్దాం. తొక్కేది అది. అదే చెబుతుంది."

తొక్కేది నేనే, చెప్పేదీ నేనే. బెంచీ మీద పడుకుని వింటున్న నాకు అది భలే సంబరంగా అనిపించింది. నన్ను ఎవరైనా ఏదైనా అడిగి రెండు నెలలైంది.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. వెనక గోడకి నల్లరంగు పూసి ఉంటుంది. బండి పట్టుకెళ్ళి తొక్కి చూసినవాళ్ళు లోపమేదైనా ఉంటే ఆ గోడ మీద సుద్దముక్కతో తమ చేత్తో తామే రాయాలి. బండి చేసినవాడు ఎదురు మాట్లాడకూడదు. బాగుచేసి, తొక్కినవాళ్ళు సరేనన్నాకే చెరపాలి. ఇంకో నియమం కూడా ఉంది, చేసినవాడు తన బండి తాను తొక్కి చూడకూడదు. ఎవడికి వాడి బండి బాగానే ఉంటుంది మరి. ఈ నియమాల మీదే వాళ్ళిద్దరికీ ముప్పై ఏళ్ళు గడిచాయి. ఎంత పెద్దమనిషి కొనుక్కున్నా సుద్దముక్క పట్టాల్సిందే.

మూడు వారాల్లో రెండు బండ్లూ తయారయ్యాయి.

నాన్న చేసినదానికి నేలబండి అని పేరు పెట్టాను. సీటు రోడ్డుకి జానెడున్నర ఎత్తులో ఉంటుంది. వెల్లకిలా వాలి, కాళ్ళు ముందుకి చాపి, ముందు చక్రానికి అవతలున్న పెడళ్ళు తొక్కాలి. హ్యాండిలు ఛాతీ మీదకి వస్తుంది. మూడు గొలుసులు కలిపి ఒకటి చేసి, సీటు కింద ప్లాస్టిక్ గొట్టంలోంచి పోనిచ్చాడు. గొట్టాల అతుకులు వేలితో తడిమినా తెలియవు. అంత బాగా అతికిన బండి ఆయన చేతిలోంచి అంతకుముందు రాలేదు.

బాబాయ్‌ది కుర్చీబండి. రెండూ చిన్న చక్రాలే. కూర్చున్నాక కారు నడిపేవాడి కళ్ళూ నా కళ్ళూ ఒకే ఎత్తులో ఉంటాయి. వీపుకి వల అల్లిన ఆనుడు ఉంటుంది. హ్యాండిలు సీటు కింద, నడుముకి రెండు పక్కలా వస్తుంది, చేతులు ఊరికే వేలాడదీసుకుని పట్టుకుంటే చాలు. వెనక ఐసు పెట్టెకి చోటుంది. చూడటానికి మాత్రం ఆస్పత్రిలో తప్పిపోయి బయటికొచ్చిన సామానులా ఉంటుంది.

నేలబండి మీద మొదటిరోజు నాలుగుసార్లు పడ్డాను. పడటమంటే పెద్ద పడటమేం కాదు, జానెడున్నర ఎత్తునుంచి పక్కకి దొర్లడమే. అమ్మ కిటికీలోంచి అరిచింది.

"పడుకోడానికి మంచం ఉందిగా, రోడ్డెందుకే నీకు?"

మూతపడ్డ ఫ్యాక్టరీ పక్కన ఒక ఖాళీ రోడ్డుంది. తిన్నగా, సమంగా, ఆరు కిలోమీటర్లు. అక్కడ రెండు బండ్లూ వారంపాటు తొక్కి చూశాను. నేలబండి ఆ ఆరు కిలోమీటర్లూ పదమూడు నిమిషాల్లో లాగేసింది. మామూలు సైకిలు మీద నా మంచి రోజుల్లో పదహారు పట్టేది. కుర్చీబండికి పదిహేడు. నేలబండి దిగాక వీపు నిద్రపోయి లేచినట్టుండేది, బరువంతా వెన్ను పొడవునా పరుచుకుంటుంది కాబట్టి. మెడ మాత్రం లాగేది, అరికాళ్ళు తిమ్మిరెక్కేవి. కుర్చీబండి మీద మెడకి ఏ ఇబ్బందీ లేదు, గంట దాటితే నడుము కింద మొద్దుబారేది. ఎత్తు ఎక్కేటప్పుడు రెండింటి మీదా ఏడుపే, లేచి నిలబడి తొక్కే వీలు దేని మీదా లేదు. చురుకైన మలుపులో కుర్చీబండి నిలబడ్డ చోటే తిరిగేది. నేలబండి తిరగాలంటే రోడ్డు వెడల్పంతా కావాలి.

ఇవన్నీ ఖాళీ రోడ్డు మాటలు. ఆ రోడ్డు మీద నేలబండి తొక్కుతుంటే నాకు నవ్వొచ్చేది. ఎవరూ లేకుండా ఒక్కదాన్నే గట్టిగా నవ్వేదాన్ని. గాలి చెవుల పక్కనుంచి పోతుంటే రెండు నెలల మంచం ఒంట్లోంచి దులిపేసుకున్నట్టుండేది. నాన్న గెలిచాడనే అనుకున్నాను.

తర్వాతి వారం నేలబండి తీసుకుని అసలు దారిలో బయల్దేరాను. రెండు క్లినిక్కులు దాటి బస్సుల రోడ్డెక్కాను. ఎండకి తారు మెత్తబడి ఉంది, ఆ వేడంతా సీటులోంచి వీపుకి కొడుతోంది. లారీల పొగ తిన్నగా మొహం మీదకే వస్తోంది. అవన్నీ భరించొచ్చు. వెనకనుంచి ఒక బస్సు మోత వినిపించింది. మెడ తిప్పి చూద్దామంటే వెల్లకిలా ఉన్న మనిషికి వెనక కనబడదు. మోత పెద్దదైంది. బస్సు నా పక్కనుంచి పోతుంటే దాని చక్రం నా కళ్ళకి సమానంగా ఉంది. చక్రానికున్న బోల్టులు ఒక్కొక్కటీ కనిపించాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చేతులు బిగుసుకుపోయాయి. ఎలాగో పక్కకి తీసి, ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మళ్ళీ ఎక్కలేకపోయాను. బండిని నడిపించుకుంటూ ఇంటికొచ్చాను, అది ఎంత కిందుంటుందంటే నడిపించాలన్నా వంగాల్సిందే. డాక్టరు వద్దన్న పని రెండు కిలోమీటర్లు చేశాను.

షాపు గుమ్మంలో నాన్న సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎలా ఉందమ్మా? ఎంతలో వచ్చావు?"

నాకు దెబ్బ తగిలినప్పటి నుంచీ ఆయన నాతో నాలుగు మాటలు కూడా సరిగ్గా మాట్లాడలేదు. ఆస్పత్రికొచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయేవాడు. చెప్పదలచుకున్నదంతా ఆ గొట్టాల్లో పెట్టేశాడని నాకు తెలుసు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. భయం అన్న మాట నా నోటినుంచి బయటికొచ్చిందంటే, అమ్మ గడియ పెట్టేస్తుంది, మేడమ్ లేబుళ్ళు చేతిలో పెడుతుంది. ఇక ఈ జన్మకి టేబులే.

సుద్దముక్క తీసుకుని, నేలబండి కింద రాశాను: సీటు మెడ దగ్గర ఒరుసుకుంటోంది.

నాన్న మొహం వెలిగిపోయింది. బాగుచేయగలిగిన లోపం దొరికింది ఆయనకి. పక్కనుంచి బాబాయ్ మీసం కింద నవ్వు దాచుకోవడం చూశాను. అదికూడా నాకు నచ్చలేదు. అవతల పక్కకెళ్ళి కుర్చీబండి కింద కూడా ఒక ముక్క రాశాను: హ్యాండిలు బరువుగా తిరుగుతోంది.

రెండూ అబద్ధాలే. లెక్క సరిపోయిందనుకున్నాను.

ఆ గోడని వాళ్ళిద్దరూ ఎంత నమ్ముతారో తెలిసుండీ ఆ పని చేశాను. గోడ మీద ఉన్నదానికి ఎదురు చెప్పకూడదు, బాగుచేయాలి. నాన్న సీటు విప్పి, మెడ ఆనే చోటు పైకి లేపి, కొత్తగా కట్టాడు. మనిషి లేచి కూర్చున్నట్టయింది, గాలంతా ఛాతీకే కొట్టసాగింది. పదమూడు నిమిషాలు పదిహేనయ్యాయి. బాబాయ్ హ్యాండిలుని సీటు కిందనుంచి తీసి పైకి తెచ్చాడు. ఇప్పుడు ప్రతి మలుపులో మోకాలు దానికి తగులుతోంది. అది మాత్రం నిజం లోపం, గోడ మీద రాశాను. నాన్న మొహం చూసి ఆయన బండికి కూడా ఇంకోటి కల్పించి రాశాను. మళ్ళీ ఇద్దరూ విప్పారు.

ఇలా మూడు వారాలు గడిచాయి. బండ్లు రెండూ నా కళ్ళ ముందే రోజురోజుకీ చెడిపోయాయి. నేను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా మేడ మీదకీ కిందకీ తిరిగాను. అన్నదమ్ములు మాటలు మానేశారు. ఒకే బెంచీకి అటొకరు ఇటొకరు నిలబడి నాతో కబుర్లు పంపుకునేవారు.

"మీ బాబాయ్‌ని ఆ పానా ఇవ్వమను."

"మీ నాన్ననే తీసుకోమను, చెయ్యి చాపితే అందుతుంది."

"వాడి వైపు ఎన్ని రాశావు? నా వైపు ఎన్ని?"

"మూడూ మూడు నాన్నా."

అమ్మ అన్నీ గమనిస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం బాబాయ్‌కి అన్నం వడ్డిస్తూ, వంటగదిలోంచే నాకు వినబడేలా అంది.

"కూరలో ఉప్పెక్కువైందని చెప్పలేక కారం తక్కువైందంటే, వండినవాళ్ళు ఇంకాస్త కారం పోస్తారు. తినేవాళ్ళే చావాలి."

"కూర బాగానే ఉంది వదినా," అన్నాడు బాబాయ్ అమాయకంగా.

"నీకు కాదులే, తిను."

నాకు ముద్ద దిగలేదు. మేడమ్ పెట్టిన పరీక్షకి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

ఆ మర్నాడు పొద్దున్నే కిందకి దిగేసరికి నాన్న నేలబండిని బెంచీకున్న వైసు దవడల మధ్య బిగించి, రంపం చేతిలో పట్టుకుని ఉన్నాడు. ముందురోజు నేను గోడ మీద రాసిన ముక్క, మలుపులో మడమ చక్రానికి తగులుతోంది అని. అది ఎప్పుడో ఒకసారి తగిలేది, తొక్కేవాళ్ళు జాగ్రత్తపడితే చాలు. కానీ గోడ మీద ఉంది కదా. అది పోవాలంటే ముందున్న గొట్టం కోసి పొడుగు చేయాలి. ఆ అతుకు కొయ్యాలి, వేలికి తెలియని ఆ అతుకు. ఆయన దాని మీద బొటనవేలు ఒకసారి ఆనించి, తీసేసి, రంపం పెట్టాడు.

"నాన్నా, ఆగు."

"ఎందుకు?"

గోడ దగ్గరికెళ్ళి సుద్దముక్క తీసుకున్నాను. నేలబండి కింద ఉన్న వరసల కిందే, పెద్దక్షరాలతో, ఒక్క మాట రాశాను.

భయం.

బాబాయ్ చక్రం సరిచేస్తున్నవాడల్లా చెయ్యి ఆపేశాడు. నాన్న రంపం పట్టుకునే దగ్గరికొచ్చి చదివాడు. ఎదురు మాట్లాడకూడదు, అది నియమం. రంపం కిందికి దించాడు.

"దేనికి?" అన్నాడు.

"వెనకనుంచి వచ్చేవాటికి. కనబడవు. చప్పుడు మాత్రం వినబడుతుంది. ఆ రోజు కూడా అంతే, చప్పుడే వినబడింది. పైన రాసినవన్నీ అబద్ధాలు. సీటు బాగుంది, అన్నీ బాగున్నాయి. నేనే బాగాలేను."

"మరి నా హ్యాండిలు?" అన్నాడు బాబాయ్.

"అది కూడా అబద్ధమే బాబాయ్."

"మూడు వారాలే! మూడు వారాలు నేను ఆ హ్యాండిలుతో కుస్తీ పట్టానే పాదరసం!" నిజంగానే కోపమొచ్చింది అతనికి. చక్రం బెంచీ మీద పడేశాడు. "తిట్టాలంటే తిట్టు, గోడకి అబద్ధం చెబుతావా?"

నేను ఏడ్చాను. ఆస్పత్రిలో కూడా ఏడవలేదు, అక్కడ ఏడ్చాను. నాన్న రంపం మేకుకి తగిలించి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది.

ఆయన తిరిగొచ్చేసరికి బాబాయ్ కుర్చీబండి హ్యాండిలు విప్పుతున్నాడు, మళ్ళీ సీటు కిందికి దించడానికి. ఒక బోల్టు బిగుసుకుపోయి రావట్లేదు. నాన్న వెళ్ళి అవతలి పక్క పట్టుకున్నాడు. నా ద్వారా కబురు పంపకుండా ఆ ఇద్దరూ కలిసి పనిచేయడం మూడు వారాల తర్వాత అదే మొదలు.

పరీక్షకి ముందురోజు సాయంత్రం చూస్తే, కుర్చీబండికి ఎడమ పక్క ఒక అద్దం బిగించి ఉంది. సైకిళ్ళకి పెట్టే అద్దం కాదు, ఏ వ్యానుదో ఊడదీసినది, నా మొహమంత ఉంది. ఎవరు బిగించారని బాబాయ్‌ని అడిగాను. "నేనైతే అంత వికారంగా బిగించను," అన్నాడు.

మేడమ్ ల్యాబు గుమ్మంలోనే నిలబడి గడియారం చూసుకుని నన్ను పంపింది. మార్కెట్ సందులో నాకు ఎదురే లేకపోయింది. కూరలమ్మేవాళ్ళు బుట్టలు జరుపుకుంటూ నవ్వారు. "కుర్చీ వస్తోంది, తప్పుకోండి!" అని ఒకావిడ ముందే కేకలేసి దారి చేసింది. నాలుగు క్లినిక్కుల గుమ్మాల ముందూ కాలు కింద పెడితే చాలు, బండి నిలబడేది. పెట్టె తీయాలన్నా పెట్టాలన్నా వంగక్కర్లేదు. అక్కడ సంపాదించిన నిమిషాలన్నీ పైవంతెన దగ్గర పోగొట్టుకున్నాను. ఎత్తు మీద ఆ బండి నడిచే మనిషితో పాటు నడుస్తుంది. ఒక ముసలాయన నాతో సమానంగా నడుస్తూ, గొలుసు ఎంత పొడుగుంటుందని అడిగాడు. చెప్పే ఊపిరి లేదు నాకు.

బస్సుల రోడ్డు రాగానే అదే భయం మొదలైంది. పోతుందనుకున్నాను, పోలేదు. వెనకనుంచి మోత వచ్చింది. ఈసారి అద్దంలో బస్సు కనబడింది. ఎంత దూరంలో ఉందో, ఎటు వస్తోందో కనబడింది. పక్కకి తీసి, రెండు కాళ్ళూ కింద ఆనించి, దాన్ని పోనిచ్చాను. డ్రైవరు నన్ను చూశాడు, నేనూ అతన్ని చూశాను. మళ్ళీ బయల్దేరాను. ఆ రోడ్డు మీద అలా మూడుసార్లు ఆగాను. పాత నేనైతే ఆ మూడు బస్సులతోనూ పోటీ పడేదాన్ని.

రెండు గంటల ఇరవై ఏడు నిమిషాలు పట్టింది. మేడమ్ పెట్టె మూత తీసి, ఐసు ముట్టుకుని చూసి, గొట్టాలు సరిచూసుకుంది.

"సోమవారం నుంచి వచ్చెయ్," అంది. తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "ఈ అద్దమేంటి ఇంత పెద్దది?"

"భయానికి మేడమ్."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆమె నా వంక చూసింది, అద్దం వంక చూసింది. "ఉంచు," అంది. "ఇంకో పక్క కూడా పెట్టించు."

తర్వాతి వారం వానలు పడ్డాయి, జ్వరాలు మొదలయ్యాయి, నాకు ఊపిరాడలేదు. అదే కావాలనుకున్నాను, అదే దొరికింది. పదకొండు క్లినిక్కులు పద్నాలుగయ్యాయి. అమ్మ మొదటి నాలుగు రోజులు నేనొచ్చేదాకా కిటికీ వదల్లేదు. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది, అంటే అలవాటైపోయిందన్నమాట.

నాన్న మాత్రం మాట్లాడలేదు. కోపం కాదు. కోపమైతే మాకు తెలుస్తుంది, వీధంతటికీ తెలుస్తుంది. పని చేసుకునేవాడు, అన్నం తినేవాడు, బాబాయ్ జోకులకి ఊఁ అనేవాడు. నేలబండిని గోడకి ఎత్తుగా తగిలించేశాడు. విప్పి ఆ గొట్టాలు ఇంకో బండికి వాడతాడనుకున్నాను, వాడలేదు. గోడ మీద నేను రాసిన అబద్ధాలన్నీ చెరిపేశాడు. సీటు మళ్ళీ వెనక్కి వాల్చి, మొదట ఎలా ఉందో అలా కట్టాడు. కింద ఆ ఒక్క మాటా అలాగే ఉంచాడు. బాగుచేస్తే కదా చెరపాలి. షాపుకొచ్చినవాళ్ళు చదివి, ఇదేం లోపమండీ అని అడిగితే, "ఉందిలెండి," అనేవాడు.

నాకు ఆ మాట రోజూ గుచ్చుకునేది. ముప్పై ఏళ్ళలో ఆయన బాగుచేయలేని లోపం అదొక్కటే, అది నేను రాసిందే.

ఒక పొద్దున తెల్లారాక కిందకి దిగాను, వాన వెలిసి అప్పటికే రోడ్డు మీద బస్సులు తిరుగుతున్నాయి. గోడ మీద మేకు ఖాళీగా ఉంది. నేలబండి లేదు. బాబాయ్ అప్పుడే షట్టరు పైకెత్తుతూ నా వంక చూసి భుజాలెగరేశాడు.

"తొక్కడానికేనా?" అన్నాను. "నియమం కదా, చేసినవాడు తొక్కకూడదని."

"నాకు చెప్పకు. ఆ నియమం పెట్టింది ఆయనే."

కుర్చీబండికి పెట్టె కడుతున్నానేగానీ, కళ్ళు వీధి చివరే ఉన్నాయి. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఆయనకి అరవై రెండేళ్ళు. ఆ బండి మీద మొదటిరోజు నేను నాలుగుసార్లు పడ్డాను. బయల్దేరాల్సిన వేళ దాటిపోతోంది, అయినా కాలు కదల్లేదు.

వీధి మలుపులో కనిపించాడు. తొక్కట్లేదు. బండిని నడిపించుకుంటూ వస్తున్నాడు, నడుం వంచి, నేనొచ్చినట్టే. చొక్కా వెనక భాగమంతా బురద చారలు. జుట్టులోంచి రోడ్డు మీద చిమ్మిన నీళ్ళు కారుతున్నాయి. మొహం పాలిపోయి ఉంది. ఆ మొహంలో అలాంటి రంగు నేను ఎప్పుడూ చూడలేదు.

"బస్సుల రోడ్డు దాకా వెళ్ళావా అన్నయ్యా?" అన్నాడు బాబాయ్.

నాన్న బండి గోడకి ఆనించి, బెంచీ మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు.   తర్వాత లేచి, నల్లగోడ దగ్గరికెళ్ళి సుద్దముక్క అందుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ఆ గోడ మీద రాయడం మేం చూడలేదు, చెరపడమే చూశాం.

నా మాట చెరపలేదు. దాని కిందే, తడి చేత్తో, వంకరటింకరగా ఒక మాట రాశాడు.

నాక్కూడా.

సుద్దముక్క పెట్టేసి, చేతులు చొక్కాకి తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"టైమవుతోంది, ఇంకా ఇక్కడే ఉన్నావేంటి?" అన్నాడు. "అద్దాలు తడిసుంటాయి, తుడుచుకుని వెళ్ళు."